అప్‌డేట్: కాకటీల్ పిల్లల ఈకలు ఊడటానికి కారణం పేలు కాదు, తండ్రి పక్షి

గూడుపెట్టెలో మా కాకటీల్ (చిన్న జాతి చిలుక) పిల్లల తల, వీపు మీద ఈకలు మొలిచినవి మొలిచినట్టే పోతున్నాయని, చిన్న రక్తపు మచ్చలు కూడా ఉన్నాయని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

విజయనగరంలో మాకు పక్షుల డాక్టరు దొరక్క వైజాగ్ తీసుకెళ్లాం. పేలు లేవు, ఇన్ఫెక్షన్ లేదు, పెద్ద పక్షే పీకుతోందన్నారు. కాపు కాసి చూస్తే మగదే! మళ్లీ గుడ్లకు సిద్ధమయ్యే జంటల్లో ఇది మామూలేనట.

ఇక్కడ ఒకరు చెప్పినట్టు మగదాన్ని పక్కనే వేరే పంజరంలోకి మార్చడమే పనిచేసింది. తల్లి ఒక్కతే మేపగలదా అని చాలా టెన్షన్ పడ్డాం. అందుకే రోజూ పొద్దున పిల్లల్ని తూచి, బరువు పెరగని దానికి మాత్రం హ్యాండ్ ఫీడింగ్ ఫార్ములా (పక్షి పిల్లలకు చేత్తో పట్టే మెత్తటి ఆహారం) పట్టాం. అదీ ఫార్ములా వేడి 39-40 డిగ్రీల సెల్సియస్ ఉందో లేదో థర్మామీటరుతో చూశాకే. మరీ వేడైతే క్రాప్ (గొంతు కింద మేత నిలిచే సంచి) కాలిపోతుంది, చల్లారితే అరగదు.

కొత్త ఈకలు నిండుగా వచ్చాయి. ఈకలు ఊడటానికి, మేత గింజలు మార్చడానికి సంబంధం లేదు. పేల పౌడరు మాత్రం డాక్టరు చెప్పకుండా పిల్లల మీద అసలు చల్లకండి.

పిల్లలు బయటికొచ్చాక గూడుపెట్టె తీసేశాం. ఈ ఏడాదికి ఆ జంటకు విశ్రాంతే.