సమస్య: "నిండుకొనె నటంచు నెలత యేడ్చె"

ముక్తేశ్వరం మాస్టారు: ఈ వారం సమస్యాపూరణకి ఆటవెలది పద్యం చివరి పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలు మీవి. సూర్యగణాలు ఐదు, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరమైత్రి) ని–నె. చిన్నప్పుడు బియ్యం "అయిపోయాయి" అంటే మా అమ్మ మొట్టికాయ వేసేది. "నిండుకున్నాయి" అనాలట. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నిజంగానే నిండిందేమోనని డబ్బా మూత తీశాను. అడుగు కనబడింది. పూరించండి.

రాజోలు: ఆయ్, నా ప్రయత్నం మాస్టారూ.

లంక మునిగిపోయె, లాంతరు కొడిగట్టె,
కూటి కొఱకు పిల్ల కూతలిడగ
కుండ తడిమి చూచి, కొసరు నూకలు కూడ
నిండుకొనె నటంచు నెలత యేడ్చె.

ముక్తేశ్వరం మాస్టారు: ఎత్తుగడ బాగుందండీ. "కొసరు నూకలు" దగ్గర ఆగిపోయాను, బియ్యం ఎప్పుడో అయిపోయాయని చెప్పకుండానే చెప్పారు. కానీ ఆ "కూతలు" ఏమిటండీ? కూత అంటే అరుపేగా అంటారు, నిఘంటువూ అదే అంటుంది. మన వీధిలో మాత్రం "ఏం కూతలు కూస్తున్నావ్" అంటే తిట్టు. ఆకలేసిన పిల్లని పద్యం కసురుకుంటోంది. అర్థం తప్పలేదు, యతీ తప్పలేదు. మీరు ఎవరి పక్షమో మాత్రం తారుమారైంది.

రాజోలు: కోడి కూయదా, రైలు కూయదా అండీ?

ముక్తేశ్వరం మాస్టారు: కూస్తాయి. అవి మనపిల్లలు కావుగా!

నరసాపురం: అందరూ లేమి వైపే వెళ్తారని నేను తిన్నగా నిఘంటువర్థమే పట్టాను.

గట్టు తెగిన రేయి గరిసెలోనికి నీరు
చొచ్చె; వడ్లు తడిసె; చూరు జారె;
వరద యెఱ్ఱనీరు వాకిలి నడుమెత్తు
నిండుకొనె నటంచు నెలత యేడ్చె.

ముక్తేశ్వరం మాస్టారు: సమస్యని విప్పారు గానీ చమత్కారం తగ్గింది. నీళ్లు నిండితే ఏడవడంలో వింతేముంది? మూడో పాదం మాత్రం మంచి పాదం. "ఎఱ్ఱనీరు" ఒక్కటి చాలు, "వరద" అక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర గోదారి 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అధికారుల భాషలో అది నీటిమట్టం. టీవీలో "ఉగ్రరూపం". 1986 వరద చూసిన మా నాయనమ్మ మాత్రం "అమ్మ వచ్చి వెళ్లింది" అనేది, చుట్టం సంగతి చెప్పినట్టు. ఉగ్రరూపం అన్నవాడు నదిని ముద్దాయిని చేశాడు. అమ్మ అన్నావిడ పొలం పోయినా ఫిర్యాదు చెయ్యలేదు. ఈ రెండో మాట కూడా పూర్తిగా నిజం కాదనుకోండి, గట్టు బలహీనంగా ఉంటే ఆ తప్పు అమ్మది కాదు కదా.

యానాం: పెద్దలు క్షమించాలి, నాది వెటకారం.

పుస్తె నమ్మియైన పులస తెమ్మని పంప
మగడు విలస తెచ్చె, మండిపడుచు
పులస లెల్ల నేడు బుట్టలో నెట్టుల
నిండుకొనె నటంచు నెలత యేడ్చె.

నరసాపురం: హహ్హ! చెల్లెమ్మగారూ, చేప ఒక్కటేనండీ. సముద్రంలో విలస, గోదారి ఎర్రనీటికి ఎదురీదితే పులస.

యానాం: అన్నయ్యగారూ, ఆ మాట మా చేపల బజార్లో అని చూడండి. ఒక్క అక్షరం మారితే ధర ఎక్కడికి పోతుందో!

ముక్తేశ్వరం మాస్టారు: రుచి కూడా మారుతుందని నా నాలుక సాక్ష్యం. ఈ పద్యానికి నా ఓటు. "మండిపడుచు" ఎవరికి అన్వయిస్తుందో ఒక్క క్షణం తడబాటు ఉంది, చూసుకోండి.

రాజోలు: మార్చాను మాస్టారూ: "కూటి కొఱకు పిల్ల గొల్లుమనగ". కూ–గొ యతిమైత్రి ఉంది కదండీ? మొదటి పాదంలో ముందు "లాంతరు ఆరిపోయె" అని రాసి మా ఆవిడకి వినిపించాను. ఇంట్లో ఆ మాట అనొద్దని కాగితం లాక్కుంది.

ముక్తేశ్వరం మాస్టారు: మైత్రి ఉంది. కొడిగట్టెని ముట్టుకోకండి. ఆవిడని కూడా ఒక పూరణ పంపమనండి.