తుపాకీ గుండ్ల అచ్చు దొరికింది, మీద 16 అని ఉంది, ఎక్కడిదో చెప్పగలరా?

పాతఇల్లు_నల్గొండ:
అందరికీ నమస్తే. అమ్మమ్మ వాళ్ల పాత ఇంట్లో అటక సర్దుతుంటే ఒక ఇనప పనిముట్టు దొరికింది, చూడ్డానికి అచ్చం అడకత్తెర, రెండు పిడులు మూస్తే మూతి దగ్గర రెండు సగాలు కలిసి లోపల గుండ్రటి గుంట అవుతోంది, పైన సీసం పోయడానికి బెజ్జం, పిడుల మధ్య కత్తిరించే అంచు కూడా ఉంది. ఒక పక్క 16 అని గుద్ది ఉంది, పేరు ఏమీ లేదు. అప్పట్లో ఇంట్లో భర్మార్ తుపాకీ (మూతి లోంచి తుపాకీ మందు, గుండు దట్టించేది) ఉండేదట, ఎప్పుడో స్టేషన్లో అప్పజెప్పేశారు. మామయ్యేమో 1816 అంటున్నాడు. గుంట కొలిస్తే 16.8 మిల్లీమీటర్లు. ఇంగ్లండ్ దా, ఇక్కడి కమ్మరి చేసిందా? తుప్పు బాగా ఉంది, సాండ్ పేపర్ కొట్టొచ్చా?

లేత్_వర్క్స్:
సాండ్ పేపర్ అస్సలు వద్దు అన్నా, సన్న ముద్రలు ఏమైనా ఉంటే అవే ముందు పోతాయి. కిరోసిన్ లో నానబెట్టి గుడ్డతో తుడువు, చాలు. 16 అంటే సంవత్సరం కాదు, బోర్. ఒక పౌండు (దాదాపు 454 గ్రాములు) సీసంతో సమానంగా 16 గుండ్లు పోస్తే ఒక్కోటి 28 గ్రాముల పైన, మన లెక్కలో రెండున్నర తులాలకి కాస్త తక్కువ, దాని అడ్డం కొలత 16.8 మిల్లీమీటర్లే. నీ కొలత కరెక్ట్ గా కలిసింది! 12 బోర్ గన్ 16 బోర్ కన్నా లావు ఉండేది కూడా అందుకే.

తుపాకుల_చరిత్ర:
బోర్ నంబర్ ఉన్నంత మాత్రాన ఇంగ్లండ్ ది అనేయలేం భయ్యా, ఇక్కడి తుపాకుల పనివాళ్లకీ ఆ లెక్క తెలుసు. మిలిటరీది మాత్రం కాదు, బ్రిటిష్ సైన్యం పాత తుపాకీ బ్రౌన్ బెస్ గుండు దాదాపు 17.5 మిల్లీమీటర్లు, 1853 ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ది ఐతే గుండే కాదు, పొడుగు తూటా, గొట్టం 14.7. సర్కారు సామాను మీద బాణం గుర్తు కూడా ఉండేది. వేట తుపాకీ పెట్టెలో తుపాకీ మందు ఉంచే కుప్పెతో పాటు ఇలాంటి అచ్చు ఇచ్చేవాళ్లు, నాకైతే అదే అనిపిస్తోంది. గుంటని మూడు వైపులా కొలిచి చూడు, చేత్తో ఆకురాయి పెట్టి తవ్వింది ఐతే కోలగా వస్తుంది, గుండ్రటి కట్టర్ తిప్పి చేసింది ఐతే సమానంగా వస్తుంది. ఇంకోటి, గుండుకి గుడ్డ చుట్టి దట్టించేవాళ్లు కాబట్టి మీ తాతగారి తుపాకీ గొట్టం 15 బోరో 14 బోరో అయ్యుండాలి.

సీసం_జాగ్రత్త:
కొలతకి సీసం కరిగించి పోయకండి దయచేసి. పాత ఇనుములో చెమ్మ ఉంటే వేడి సీసం ఎగిరి మొహాన పడుతుంది. మైనం పోసి తీస్తే కొలత వచ్చేస్తుంది. లోపల తెల్లటి పొడి ఉంటే అది సీసందే, చేతులు కడుక్కోండి, పిల్లలకి ఇవ్వొద్దు.

పాతఇల్లు_నల్గొండ:
మైనం గుండు తీశా, ఎటు తిప్పి కొలిచినా 16.8 లేదా 16.7. కిరోసిన్ తో తుడిస్తే గుంటలో సన్నటి గుండ్రటి గీతలు కనబడ్డాయి, బాణం లేదు.

తుపాకుల_చరిత్ర:
ఐతే కట్టర్ పనే, ఊరి కొలిమి పని కాదు. వేట తుపాకీతో వచ్చిన అచ్చు. పేరు లేకుండా ఏ షాపుదో చెప్పడం కుదరదు, కీలు లోపలి వైపు ఒకసారి చూడు, కొందరు అక్కడ గుద్దేవాళ్లు.