పెళ్లిరోజు సాయంత్రం ఇటాలియన్ రెస్టారెంట్‌లో: మెనూతో కుస్తీ పట్టకుండా భోంచేయడం ఎలా?

ప్రశ్న

వచ్చే నెలలో మా పెళ్లిరోజు. ఆ సాయంత్రం కోసం ఒక ఖరీదైన ఇటాలియన్ రెస్టారెంట్‌లో ఇద్దరికి టేబుల్ బుక్ చేశాను. నా బెంగ అంతా మెనూ గురించే. రెండేళ్ల క్రితం ఇలాంటి చోటికే వెళ్లినప్పుడు, వడ్డించే అబ్బాయి పక్కనే నిలబడి ఉంటే కంగారుపడి, చెరొక పాస్తా, ఆపైన చెరొక ప్రధాన వంటకం చెప్పేశాను. పాస్తా సగంలో ఉండగానే కడుపు నిండిపోయి, తరువాత వచ్చిన రెండు పళ్లేల వంక చూస్తూ కూర్చున్నాం. అంతకన్నా బాధ కలిగించిన సంగతి మరొకటి ఉంది. మా శ్రీమతి శాకాహారి. ఆమె తింటున్న టమాటా సాస్‌లో ఆంచోవీ చేపలు కరిగి ఉన్నాయని, ఆ ఉప్పదనం ఏమిటని అడిగితే తప్ప మాకు తెలియలేదు. ఆమె ఒక్క మాట కూడా అనలేదు కానీ, ఫోర్కును పళ్లెం అంచుకు ఆనించి నీళ్ల గ్లాసు అందుకున్న తీరు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది.

ఇద్దరికి ఎంత ఆర్డరు ఇవ్వాలి, శాకాహారి ముందుగా ఏమేమి అడిగి తెలుసుకోవాలి, వైన్ సీసా తెచ్చి నా గ్లాసులో గుక్కెడు పోసి ఆగిపోతే నేనేం చేయాలి? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

నేను కొన్నేళ్లు ఇటాలియన్ వంటశాలలో పనిచేశాను. మీకు జరిగిన పొరపాటు చాలామందికి జరుగుతుంది, ఎందుకంటే పాస్తాను మనం పూర్తి భోజనంగా చూస్తాం, ఇటలీవారి భోజన క్రమంలో మాత్రం అది మధ్యలో వచ్చే ఒక మెట్టు. యాంటిపాస్తీ అంటే ఆరంభంలో కొద్దికొద్దిగా తినేవి. ప్రిమీలో పాస్తా, రిసోట్టో, సూప్ వస్తాయి. సెకొండీలో మాంసం, చేపలు వస్తాయి. వాటి పక్కన పెట్టుకునే కూరగాయలను కాంతోర్నీ అంటారు, చివరివి దోల్చీ, అంటే తీపి వంటకాలు. అన్నీ చెప్పాలన్న నియమం ఎక్కడా లేదు. ఒక యాంటిపాస్తీ పంచుకుని, చెరొక ప్రిమీ తిని, చివర ఒక తీపి వంటకానికి రెండు చెంచాలు అడగండి. సెకొండీ మీద మనసు పడితే, పాస్తా పళ్లెం ఖాళీ అయ్యాక అప్పుడు చెప్పవచ్చు.

రిసోట్టో చెప్పేట్లయితే ఓపిక పట్టాలి. బియ్యంలో వేడి రసాన్ని గరిటె గరిటెగా పోస్తూ, ఒకటి ఇంకాక మరొకటి కలుపుతూ వండటానికి దాదాపు 18 నుంచి 20 నిమిషాలు పడుతుంది. త్వరగా వచ్చిందంటే ముందే సగం ఉడికించి పెట్టుకున్నారని అర్థం. పెద్ద రెస్టారెంట్లలో కూడా అది మామూలే, నేనూ ఆ పని చేసినవాడినే. పాస్తా కాస్త పంటికి తగులుతుంటే ఉడకలేదని వెనక్కి పంపకండి, అలా ఉండాలనే అంత జాగ్రత్తగా దించుతారు.

రెండవ సమాధానం

శాకాహారం సంగతి నేను చెబుతాను, ఎందుకంటే మొదటి సమాధానంలో ఉన్న ‘రసం’ అనే మాట దగ్గరే నేను ఒకసారి దెబ్బతిన్నాను. రిసోట్టోలో పోసే ఆ రసం చాలా చోట్ల కోడి లేదా మాంసం ఉడికించినది. పళ్లెంలో పుట్టగొడుగులు, జున్ను (చీజ్) తప్ప మరేమీ కనిపించదు కనుక అనుమానం కూడా రాదు.

ఇక జున్ను. అసలైన పార్మిజానో రెజ్జానో తయారీలో పాలను విరిచేందుకు దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడాలన్నది ఆ జున్నుకున్న నియమావళిలోనే ఉంది. గ్రానా పదానో కూడా దూడ రెన్నెట్‌తోనే చేస్తారు, పెకొరీనో రొమానోకు గొర్రెపిల్ల రెన్నెట్ వాడతారు. తులసి జాతి ఆకులతో నూరే పెస్తోలో కూడా ఈ జున్నులే పడతాయి. పాన్నా కోత్తా అనే మీగడ తీపి వంటకాన్ని గట్టిపరచేది సాధారణంగా జెలటిన్, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. తిరామిసూ అనే తీపి వంటకంలో వేసే మెత్తని జున్ను మాస్కర్‌పోనేను పులుపుతో విరుస్తారు కనుక రెన్నెట్ సమస్య లేదు, కానీ అందులో గుడ్లు ఉంటాయి, తరచుగా మద్యం కూడా కలుపుతారు.

ఇవన్నీ చదివి హడలిపోకండి. శాకాహారుల్లో కొందరు రెన్నెట్‌ను పట్టించుకోరు, కొందరికి అది ససేమిరా కుదరదు. మీ శ్రీమతి గారు ఏ పక్షమో ఆమెనే అడగండి, ఆమె తరఫున మీరు ఊహించుకోవద్దు. ఆ తరువాత రెస్టారెంట్‌కు ఫోన్ చేసి, ‘శాకాహారం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా చేపలు, మాంసపు రసం, రెన్నెట్, జెలటిన్ అని పేరుపేరునా చెప్పండి. రద్దీ లేని మధ్యాహ్నం పూట ఫోన్ చేస్తే వంటవారితోనే మాట్లాడే వీలు దొరుకుతుంది.

మూడవ సమాధానం

వైన్ గురించి రెండు ముక్కలు. ముందు సీసా పైన ఉన్న కాగితాన్ని చూపిస్తారు, మీరు చెప్పిన వైన్, సంవత్సరం అవునో కాదో చూసుకోండి. తరువాత పోసే గుక్కెడు మీకు నచ్చిందా లేదా అని అడగడానికి కాదు, వైన్ చెడిపోయిందేమో చూడమని. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా వల్ల పాడైనట్టు లెక్క, మొహమాటం లేకుండా చెప్పండి. లేకపోతే తల ఊపితే చాలు. అయినా ఇద్దరికి, అందులోనూ వేర్వేరు వంటకాలు తినేవారికి, సీసా ఎందుకండీ?

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా శ్రీమతిని అడిగాను. రెన్నెట్ ఉన్న జున్ను తనకు వద్దని, ఆ సంగతి నాకు తెలిసే ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నానని చెప్పింది. పన్నెండేళ్ల కాపురంలో నాకు తెలియని ముచ్చట ఇది. ఈరోజు మధ్యాహ్నం రెస్టారెంట్‌కు ఫోన్ చేస్తే, కూరగాయల రసంతో రిసోట్టో విడిగా వండి, జున్ను బదులు వెన్నతో ముగిస్తామని ఒప్పుకున్నారు, కాకపోతే ఒక రోజు ముందు గుర్తు చేయమన్నారు. ఆమె గుడ్డు తింటుంది కనుక చివర ఒక తిరామిసూ, రెండు చెంచాలు. సీసా ఆలోచన మానుకున్నాను, చెరొక గ్లాసు చెబుతాం.