ఒకే నెట్ కనెక్షన్, కింద ఒక కంప్యూటర్ పైన ఒక కంప్యూటర్: ఏం కొనాలి?

బ్రాడీపేట_కుర్రోడు

అందరికీ నమస్తే. మాది గుంటూరు, కింద మేము పైన మా అన్నయ్యవాళ్ళు. ఫైబర్ నెట్ 100 ఎంబీపీఎస్ ప్లాను, బాక్స్ కింద హాల్లో టీవీ వెనకాల ఉంది, నా ఆఫీసు కంప్యూటర్ దానికే లాన్ వైరుతో పెట్టా, ఇబ్బంది లేదు. పైన మా అన్నయ్య కూతురు ఈఏపీసెట్ క్లాసులు ఆన్‌లైన్లో వింటది, మధ్యలో శ్లాబు వల్ల పైకి వైఫై సరిగా ఎక్కట్లా, డౌట్ అడిగే టైముకే బొమ్మ ఆగిపోద్ది, పాపం ఏడుపు మొహం పెట్టుద్ది. నెట్ అతను పైకి ఇంకో కనెక్షన్ తీసుకోమంటున్నాడు. ఒకే ఇంట్లో నెలనెలా రెండు బిల్లులు దేనికి? స్విచ్ కొనాలా రూటర్ కొనాలా? పాత రూటర్ ఒకటి అటక మీద ఉంది, పనికొస్తదా?

పటమట_వైర్లు

రెండో కనెక్షన్ వద్దు బ్రదర్, దండగ. బాక్స్ వెనక లాన్ పోర్టులు ఎన్నున్నాయో చూడు, ఖాళీది ఉంటే అందులోంచి పైకి వైరు లాగితే చాలు, ఏదీ కొనక్కర్లా. కాకపోతే ఒకటి చూసుకో, నెట్ ఆన్ చెయ్యాలంటే కంప్యూటర్లో యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ కొడుతున్నావా? కొడుతుంటే లాగిన్ అయ్యేది నీ కంప్యూటర్, బాక్స్ ఊరికే దారి ఇస్తంది అంతే, మామూలుగా రెండోదాన్ని ఎక్కనివ్వరు. అప్పుడు ఆ లాగిన్ తీసుకెళ్ళి రూటర్‌లో పీపీపీఓఈ అన్నచోట పెట్టాలి, ఇక రెండు కంప్యూటర్లకీ అడ్రసులు, అంటే నెట్‌వర్క్‌లో ఏది ఏదో గుర్తుపట్టే నంబర్లు, రూటరే పంచుద్ది. ఆ పని స్విచ్ చెయ్యదు, అది పోర్టులు పెంచుద్ది అంతే. అందుకే ముందు చూసుకుని తర్వాత కొను.

కొరిటెపాడు

వైరు దగ్గర కక్కుర్తి పడకండి అండి. షాపులో క్యాట్6 రకం లాన్ వైరు అని చెప్పి అల్యూమినియం మీద రాగి పూత ఉన్నది అంటగడతారు, చివర పోగుని బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే తీసుకోవద్దు, వంచితే విరిగిపోద్ది కూడా. 100 మీటర్ల దాకా లాగొచ్చు కాబట్టి ఇంట్లో దూరం సమస్యే కాదు. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం దీన్ని దూర్చొద్దు. బయట గోడ మీదుగా అయితే మన గుంటూరు ఎండకి పైతొడుగు పెళుసుబారి పగులుద్ది, విడిగా పైపు వెయ్యండి. ఇంకోటి, జాక్ కొట్టేటప్పుడు ఎనిమిది పోగులూ కొట్టించండి. నాలుగింటితో 100 ఎంబీపీఎస్ వరకు వస్తది కాబట్టి కొందరు అక్కడితో వదిలేస్తారు, రేపు ప్లాను పెంచితే పైన మాత్రం 100 దాటదు, కారణం దొరక్క చచ్చిపోతాం. వరస తెల్ల ఆరెంజ్, ఆరెంజ్, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల బ్రౌన్, బ్రౌన్. రెండు చివర్లా ఇదే.

బ్రాడీపేట_కుర్రోడు

థాంక్సండీ ఇద్దరికీ. లాగిన్ బాక్స్‌లోనే ఉంది, పోర్టు కూడా ఒకటి ఖాళీ. మెట్ల పక్కనుంచి పైపు వేసి వైరు లాగించా, పాప క్లాసు ఎక్కడా ఆగట్లా. ఇప్పుడు కొత్త గొడవ, పైన విండోస్ అప్‌డేట్ మొదలైతే కింద నా మీటింగ్‌లో గొంతు తెగిపోతుంది. పైన ఫోన్లకి వైఫై కూడా అడుగుతున్నారు.

పటమట_వైర్లు

క్లాసు వీడియోకి 4, 5 ఎంబీపీఎస్ చాలు, పెద్ద డౌన్‌లోడ్ పడితేనే లైనంతా మింగేస్తది. పైన కంప్యూటర్లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో డెలివరీ ఆప్టిమైజేషన్‌లోకి వెళ్ళి డౌన్‌లోడ్‌కి హద్దు పెట్టు, 30 ఎంబీపీఎస్ చాలు. అక్కడే ఇంట్లో ఉన్న వేరే కంప్యూటర్ నుంచి అప్‌డేట్ తీసుకునే ఆప్షన్ ఉంటది, రెండిట్లోనూ ఆన్ చేస్తే ఒకటి దించిన అప్‌డేట్ రెండోది దాని దగ్గర్నుంచే తెచ్చుకోవచ్చు, లైను మీద బరువు తగ్గుద్ది.

ఫోన్లకి అటక మీది రూటర్ దించు. ముందు కంప్యూటర్‌కి తగిలించి దాంట్లో డీహెచ్‌సీపీ, అంటే అడ్రసులు పంచే పని, ఆపు, కింద బాక్స్ పంచే అడ్రసుల్లో లేనిది ఒకటి దానికి పెట్టు, అప్పుడు కింద నుంచి వచ్చే వైరు వాన్ పోర్టులో (బయట నెట్ లైను గుచ్చేది) కాకుండా లాన్‌లో గుచ్చు, పక్క పోర్టులోంచి పాప కంప్యూటర్‌కి ఇవ్వు. డీహెచ్‌సీపీ ఆపకపోతే రెండు బాక్సులూ అడ్రసులు పంచుతా కూర్చుంటయ్, ఏది ఎప్పుడు నెట్ పోద్దో అర్థం కాదు. చేసి చెప్పు, తేడా వస్తే ఆ రూటర్ మోడల్ నంబరు ఇక్కడ పెట్టు.