హైస్కూల్ పిల్లలకు కెరీర్ గైడెన్స్: ఎప్పుడు పెట్టాలి, ఏం చూపించాలి?

ఆదోని_లెక్కలసారు
8, 9, 10 తరగతులకు కెరీర్ గైడెన్స్ పెట్టాలి. టెన్త్‌లోనే 140 మంది. ఏ నెలలో పెట్టేది, ఎట్లా పెట్టేది? అనుభవమున్నోళ్లు వివరంగా చెప్పండి.

అనంత_సోషల్‌టీచర్
సర్, 140 మందిని ఒక్క హాల్లో కూర్చోబెట్టొద్దు. అంతమందిలో లేచి సందేహం అడిగే ధైర్యం ఏ పిల్లకూ ఉండదు. 25 మంది చొప్పున ఒక్కో పీరియడ్ తీసుకోండి. టెన్త్‌కు ఆగస్టు లోపే అయిపోవాలి, ఫిబ్రవరిలో వాళ్ల ధ్యాసంతా పరీక్షల మీదే. ఒక్కొక్కరికి ఒక తెల్లకాగితం ఇవ్వండి: ఏ కోర్సు, ఎన్నేళ్లు, ఏ ఎంట్రన్స్, ఇంటి నుంచి ఎంత దూరం, హాస్టల్ ఉందా. పిల్లలే కనుక్కుని నింపాలి. మనం నింపిస్తే మర్నాటికి మర్చిపోతారు.

మీ వైపు సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోయే ఊర్లు ఎక్కువ. అమ్మానాయనలు బయల్దేరకముందే, ఒక ఆదివారం పిలవండి.

కడప_ఫిట్టర్
ఐటీఐ గురించి చెప్పొద్దు సర్, తీసుకెళ్లి చూపించండి. బెంచ్ వైస్‌కు ఇనప ముక్క బిగించి, పది నిమిషాలు ఆకురాయి పట్టించండి. తర్వాత ట్రై స్క్వేర్ (మూల సరిగ్గా ఉందో చూసే మట్టం) ఆనించి వెలుతురుకు ఎత్తి చూడమనండి. సందులోంచి వెలుగు ఎక్కడ వస్తుందో అక్కడ అంచు సమంగా లేనట్టు. ఇంకోసారి రాస్తానని అడిగే పిల్లలుంటారు, వాళ్ల పేర్లు రాసుకోండి. ఆడపిల్లల్ని తప్పకుండా తీసుకుపోండి.

ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ 2 ఏళ్లు, వెల్డర్ 1 ఏడాది. వెల్డర్‌కు 8 పాసైతే చాలు, టెన్త్ తప్పిన బిడ్డకు దారి మూసుకుపోలేదని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పండి. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కు టెన్త్‌తో పాటు ఐటీఐ అడుగుతారు. గుంతకల్లు రైల్వే జంక్షన్ పక్కనే ఉన్నా ఈ సంగతి చాలామందికి తెలీదు.

కర్నూలు_పాలిటెక్నిక్
పాలిటెక్నిక్ డిప్లొమా ఎంట్రన్స్ పాలిసెట్ 120 మార్కులు, 2 గంటలు, అంతా టెన్త్ లెక్కలు, సైన్సే. డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ఎంట్రన్స్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోకి నేరుగా పోవచ్చు.

అసలు చిక్కు సీట్లిచ్చే కౌన్సెలింగ్‌లో. 4 నుంచి 10 దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. మధ్యలో కర్ణాటకలో, బళ్లారి వైపు చదివొచ్చిన పిల్లలకు లోకల్ కోటా దగ్గర తగులుకుంటుంది, టెన్త్‌తో ముగిసే వరస 4 ఏళ్లు ఎక్కడ చదివారో చూస్తారు. సీట్లలో 85 శాతం లోకల్‌వే. అందుకే 9లోనే ఒక్కో పిల్లకు ఒక కవరు పెట్టి స్టడీ, కులం, ఆదాయం, ఆధార్ అందులో చేర్చండి. టెన్త్ నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పోకముందే ఆధార్‌లో ఇంటిపేరు, పుట్టిన తేదీ సరిచూడండి. మెమో వచ్చాక దిద్దించాలంటే నెలలు పడుతుంది.

అనంత_సోషల్‌టీచర్
8వ తరగతికి ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష మర్చిపోవద్దు. ఇంటి ఆదాయం 3.5 లక్షలు దాటకూడదు. ఎంపికైతే 9 నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000. ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి, చాలామందికి డబ్బు ఆగేది అక్కడే. డిప్లొమాలో చేరితే మాత్రం ఆగిపోతుంది, ఆ మాట ముందే చెప్పాలి.

ఆదోని_లెక్కలసారు
కవర్ల పని సోమవారమే మొదలుపెడతాం. ఐటీఐకి లెటర్ ఎట్లా రాసేది?

కడప_ఫిట్టర్
ప్రిన్సిపాల్‌కు ఒక పేజీ చాలు సర్: తేదీ, పిల్లలెందరు, వెంట వచ్చే టీచర్లెవరు. ప్రాక్టికల్ జరిగే పూటే అడగండి, థియరీ పూట పోతే మిషన్లు ఆపేసి ఉంటాయి. పిల్లలకు చెప్పులొద్దు, బూట్లు. చున్నీలు పిన్ను పెట్టి బిగించాలి.