సెంటెన్స్ కరెక్షన్: ఇడియమ్ లిస్టు బట్టీ పట్టాలా, గ్రామర్ చాలా?

చిక్కడపల్లి_రీడర్:
సెంటెన్స్ కరెక్షన్, అంటే వాక్యంలో తప్పు దిద్దే ప్రశ్నల కోసం, అశోక్‌నగర్‌లో ఎవరి చేతిలో చూసినా ఇడియమ్ లిస్టు (ఏ మాట పక్కన ఏ మాట రావాలో చెప్పేది) జిరాక్సులే. ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పెట్టే సీజీఎల్ ఉద్యోగ పరీక్ష టైర్-1లో 60 నిమిషాలకు 100 ప్రశ్నలు, అందులో ఇంగ్లిష్‌వి 25. తప్పుకు అర మార్కు కోత. లిస్టు గుర్తు తెచ్చుకునే టైమెక్కడిది? ముందు కర్తను పట్టుకోండి, మధ్యలోని ఆఫ్, విత్, అలాంగ్ విత్ ముక్కలు కొట్టేయండి. 'ద క్వాలిటీ ఆఫ్ ద మ్యాంగోస్ వర్ పూర్'లో కర్త క్వాలిటీ, మ్యాంగోస్ కాదు. కాబట్టి 'వాజ్'. రెండు ఆప్షన్లు అక్కడే ఎగిరిపోతాయి.

దిల్‌సుఖ్‌నగర్_పీఓ:
కర్త, క్రియ వరకు ఒప్పుకుంటనన్నా. 'ప్రిఫర్ టీ దాన్ కాఫీ' తప్పని ఏ రూల్‌తోని తేలుస్తవ్? పైగా మన చెవే మనల్ని ముంచుతది. 'డిస్కస్ అబౌట్', 'మ్యారీడ్ విత్', 'కోప్ అప్ విత్', 'డిస్పైట్ ఆఫ్'... ఆఫీసుల, బస్సుల, క్లాసుల రోజూ వినేటియే. తప్పని అనిపించనే అనిపించయ్. చెవిని నమ్మి టిక్కు పెడితే మార్కు పాయె.

చిక్కడపల్లి_రీడర్:
అవి ఒక పేజీకి మించవు, రాసుకో. నేను వద్దంటున్నది వందల లిస్టుని. జంటలు మాత్రం రావాలి: నో సూనర్‌కి దాన్, హార్డ్‌లీకి వెన్, బిట్వీన్‌కి అండ్. ఇక్కడే లిస్టు బ్యాచ్ పడిపోయేది. 'షి నాట్ ఓన్లీ సింగ్స్ బట్ ఆల్సో డాన్సింగ్' చూడు. జంట కుదిరింది కదా అని 'మార్పు అక్కర్లేదు' పెట్టేస్తారు. సింగ్స్‌కి జోడీగా డాన్సెస్ ఉండాలి. అది గ్రామరే.

కోఠి_పాతపుస్తకాలు:
ఒక మాట. పాత జీమ్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) పుస్తకాలతో ప్రాక్టీస్ చేసేవాళ్లు జాగ్రత్త. 2023 నవంబర్‌లో వచ్చిన ఫోకస్ ఎడిషన్‌లో సెంటెన్స్ కరెక్షనే లేదు. ఉదాహరణలిచ్చే చోట 'లైక్' వద్దు, 'సచ్ యాజ్' కావాలనే అక్కడి పట్టింపు తెచ్చి ఎస్ఎస్‌సీ ప్రశ్న మీద రుద్దితే లేని తప్పు కనిపిస్తుంది. ఎస్ఎస్‌సీ పాత పేపర్లే చేయండి.

చిక్కడపల్లి_రీడర్:
నిజమే. పీఓ తమ్ముడూ, నీ 'ప్రిఫర్'కి కూడా రూలుంది. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్, ప్రిఫరబుల్, అన్నిటి తర్వాతా 'టు'నే. ప్రిఫర్‌నీ ఆ గుంపులో కలిపేయ్. విడివిడిగా బట్టీ దేనికి?

దిల్‌సుఖ్‌నగర్_పీఓ:
కలిపినవ్, బాగుంది. మరి 'ఐ ప్రిఫర్ టు వాక్ రాదర్ దాన్ డ్రైవ్'? అండ్ల 'దాన్' కరెక్టే. ప్రిఫర్ చూడంగనే 'దాన్' కొట్టేసేటోడు ఈడ దొరికిపోతడు. ప్రిఫర్ పక్కన నామవాచకం ఉంటే 'టు', 'టు' పెట్టి క్రియ వస్తే 'రాదర్ దాన్'. గీ తేడా నీ గుంపు రూల్ల లేదన్నా, నా జిరాక్సుల ఉంది.