అప్‌డేట్: విండోస్ స్టార్టప్‌లో ‘ప్రోగ్రామ్’ ఎంట్రీల సంగతి తేలింది

హనుమకొండలో మా జిరాక్స్ సెంటర్ కంప్యూటర్‌లో, టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రామ్‌ల జాబితా) పబ్లిషర్ పేరు లేకుండా ఉత్త ‘ప్రోగ్రామ్’ అని ఎంట్రీలు కనిపిస్తున్నాయని అడిగాను కదా. వైరస్ కాదు. కాలమ్ హెడింగ్ మీద రైట్ క్లిక్ చేసి ‘కమాండ్ లైన్’ టిక్ పెట్టమన్న అన్నకు చాలా థ్యాంక్స్, అసలు ఆధారం అక్కడే దొరికింది. ఎప్పుడో తీసేసిన స్కానర్ సాఫ్ట్‌వేర్ పాత్ (ఫైల్ ఉండే చోటు చిరునామా) అది. ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ మధ్యలో ఖాళీ ఉంటుంది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఆ పాత్‌కు కొటేషన్ మార్కులు లేకపోతే టాస్క్ మేనేజర్ ఖాళీ దాకా చదివి ‘ప్రోగ్రామ్’ అని చూపిస్తుంది. ఇలా వాటంతటవే మొదలయ్యేవన్నీ చూపించే మైక్రోసాఫ్ట్ టూల్ ఆటోరన్స్‌లో అవే పసుపు రంగులో వచ్చాయి, అంటే ఫైల్ లేదని. ముందు అందులో ఆ ఎంట్రీల టిక్ మాత్రమే తీసి, రీస్టార్ట్ చేసి, ప్రింటర్లన్నీ నడుస్తున్నాయని చూసుకున్నాకే డిలీట్ చేశాను. జనం ఆధార్‌లు, పట్టాదారు పాస్‌బుక్కులు స్కాన్ చేసే సిస్టమ్, అందుకే విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ (విండోస్ మామూలుగా మొదలవక ముందే చేసే స్కాన్) కూడా పెట్టాను. ఏమీ దొరకలేదు.